స్కీలకు కొబ్బరి నూనె

కొత్తగా ఉద్యోగంలో చేరి జెర్సీ సిటీలో కాపురం పెట్టిన ఆ రోజుల్లో, అసూయ నాకు సంబంధించిన విషయం కాదని గట్టిగా నమ్మేదాన్ని. అది అందగత్తెలకూ, మాటకారులకూ, నలుగురిలో నిలబడి పోటీ పడేవాళ్ళకూ ఉండే జబ్బు. ఆఫీసు మీటింగ్ అయిపోయేదాకా నోరు తెరవకుండా, రైల్లో పుస్తకం వెనక మొహం దాచుకుని, ఇంటికొచ్చి డైరీ రాసుకుని పడుకునే నాలాంటి మనిషికి దానితో పనేముంటుంది అనుకునేదాన్ని. ఆ నమ్మకం ఒక్క శీతాకాలం కూడా పూర్తిగా నిలవలేదు. వెర్మాంట్ కొండల్లో ఒక చిన్న ఎత్తు మీద నుంచి, చిన్నపిల్లల స్కీ క్లాసు మొత్తం ఊపిరి బిగబట్టి చూస్తుండగా, కాళ్ళకు పొడుగాటి చెక్కలతో వెనక్కి జారుకుంటూ వస్తున్నప్పుడు నాకు స్పష్టంగా తెలిసింది: నాకు ఆ జబ్బు ఉండటమే కాదు, బాగా ముదిరింది.

మొదటి నుంచీ చెప్తాను. అప్పట్లో నాతో పాటు అపార్ట్‌మెంట్‌లో ఉండే అమ్మాయిని అందరూ ఓనరమ్మ అనేవాళ్ళు. ఆమెదీ అద్దె బతుకే. కాని హీటర్ పనిచెయ్యనప్పుడు అసలు ఓనరుకు ఫోన్ చేసి, ఆయనే మా ఇంట్లో అద్దెకుంటున్నట్టు మాట్లాడేది. వరంగల్ పిల్ల. ఎం.ఎస్.లో ఒకే ల్యాబ్‌లో కూర్చున్న పరిచయం, ఒకే ఊళ్ళో ఉద్యోగాలు రావడంతో ఒకే ఇంటి దాకా వచ్చింది. అమెరికాలో నా తరఫున మాట్లాడే పని మొత్తం ఆమె చేతిలో ఉండేది. ఫోన్ కంపెనీతో పోట్లాడటం దగ్గర్నుంచి, హోటల్లో "ఈమెకు కారం తక్కువ ఎయ్యండి" అని చెప్పడం దాకా అంతా ఆమే. (నిజానికి నేను కారం బాగానే తింటాను. మొదటిరోజు ఆమె అలా చెప్పేసింది, కాదనడానికి మొహమాటమేసింది. రెండేళ్ళు చప్పటి కూరలు తిన్నాను.) బదులుగా నేను వండేదాన్ని, బట్టలు మడతపెట్టేదాన్ని, ఆమె ఆఫీసు కబుర్లన్నీ వినేదాన్ని. ఆమె మాట్లాడటం, నేను వినడం. ఇంతకంటే చక్కని ఏర్పాటు ప్రపంచంలో ఇంకొకటి ఉండదని నా అభిప్రాయం.

ఆ ఏర్పాటులోకి నవంబరులో అరోరా వచ్చింది. అది ఆమె అసలు పేరు కాదు. ఇల్లినాయ్‌లో అరోరా అనే ఊళ్ళో పుట్టి పెరిగింది కాబట్టి నేను డైరీలో పెట్టుకున్న పేరు. (ఒకసారి నోరు జారి ఆమె ముందే అలా పిలిచాను. ఆమె నవ్వి, బాగుందని ఆ పేరే ఉంచేసుకుంది. అదీ నాకు నచ్చలేదు.) ఓనరమ్మ ఆఫీసులో పక్క సీటు. పొడుగ్గా ఉండేది, జుట్టు ఎప్పుడూ పైకెత్తి కట్టుకునేది, వారానికి ఇన్నిసార్లు పరిగెత్తాలని లెక్క పెట్టుకుని పరిగెత్తేది. మా ఇంటికి మొదటిసారి భోజనానికి వచ్చినప్పుడు నేను చేసిన గుత్తివంకాయ కూర తిని, "ఓ మై గాడ్, ఇది మా అమ్మ చేస్తుంది అట్లా ఉంది. నువ్వు ఎట్లా చేస్తావు ఇది?" అంది. ఆ వచ్చీరాని తెలుగు విని ఓనరమ్మ మురిసిపోయి, "అబ్బ, ఎంత ముద్దుగ మాట్లాడుతది చూడే" అంది. ఇక్కడే నాకు మొదటి మంట పుట్టింది. అరోరా తప్పుల తెలుగు మాట్లాడితే ముద్దు. నేను ఆఫీసులో తప్పుల ఇంగ్లిష్ మాట్లాడితే మాత్రం ఎదుటివాళ్ళు ముందుకు వంగి "సారీ?" అంటారు. ఇదెక్కడి న్యాయమని ఆ రాత్రి డైరీలో పేజీన్నర రాసుకున్నాను.

ఆ తర్వాత అరోరా రావడం ఎక్కువైంది. ఓనరమ్మ కూడా ఆమెతో పరిగెత్తడం మొదలుపెట్టింది. మెట్లెక్కితే ఆయాసపడే మనిషి, నదీ తీరం వెంట బులుగు రంగు బూట్లు వేసుకుని పరిగెత్తి వచ్చి, "మస్తు హాయిగున్నదే, నువ్వు గూడ రారాదు" అనేది. రానని నేను అనేదాన్ని. రమ్మని ఇంకోసారి అడిగితే బాగుండునని మనసులో అనుకునేదాన్ని. ఇంకోసారి అడిగేది కాదు. సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక సాయంత్రం నేను వంటింట్లో పప్పు ఎనుపుతుంటే హాల్లో అరోరా గొంతు వినిపించింది. "నా రూమ్మేట్ మే ఎండ్‌లో మూవ్ అవుతుంది. నీ లీజ్ కూడా అప్పుడే కదా. నువ్వు నా ప్లేస్‌కి వచ్చెయ్యి. స్టేషన్ కింద ఉంది, విండోలో రివర్ ఉంది." "ఆలోచిస్త" అంది ఓనరమ్మ. ఆలోచించి మాట్లాడటం ఆమె పద్ధతి కాదు. "ఓకే. వెర్మాంట్ ట్రిప్ అయ్యాక చెప్పు" అంది అరోరా. నేను పప్పు ఎంతసేపు ఎనిపానో తెలియదు. ఆ రోజు అందరూ పప్పును గ్లాసుల్లో పోసుకుని తాగారు.

వెర్మాంట్ ట్రిప్ అరోరా ఆలోచనే. ఫిబ్రవరిలో లాంగ్ వీకెండ్ వస్తుంది, అక్కడి అడవుల్లో క్రాస్ కంట్రీ స్కీయింగ్ దారులు మైళ్ళ కొద్దీ ఉంటాయి, కాలేజీలో ఉన్నప్పుడు ఏటా వెళ్ళేదట. "డౌన్‌హిల్ లాగా కాదు. భయం లేదు. జస్ట్ వాకింగ్ లాగా, కానీ స్లైడ్ అవుతావు" అని చెప్పింది. కారు జీపీఎస్ అన్న అనే ఆయనది. ఈయన మాకు కాలేజీ సీనియరు. సొంత వీధిలోకి కూడా జీపీఎస్ పెట్టుకుని వచ్చేవాడు కాబట్టి ఆ పేరు. ఆయనతో పాటు తెనాలి నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చిన వాళ్ళమ్మగారు. ఆవిడను మేమంతా ఆంటీ అనేవాళ్ళం. నాకు చలి పడదు, ఆటలు రావు, కొత్తవాళ్ళ మధ్య ఒక గదిలో సర్దుకోవాలంటే ప్రాణం పోతుంది. అయినా వస్తానన్నాను. ఓనరమ్మ ఆశ్చర్యపోయి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నేను రాకపోతే ఆ మూడు రోజులూ అరోరా చెప్పేది వినడానికి ఓనరమ్మ ఒక్కతే ఉంటుంది, తిరిగొచ్చేసరికి నాకు రూమ్మేట్ ఉండదు. నా బాధ అది.

మాటల్లో అరోరాతో గెలవలేనని తెలుసు కాబట్టి, నాకు చేతనైన పని చేశాను. లైబ్రరీకి వెళ్ళి స్కీయింగ్ మీద పుస్తకం తెచ్చుకున్నాను. పాత పుస్తకం. అట్ట ఊడిపోయి టేపు వేసి ఉంది. లోపలంతా నలుపు తెలుపు ఫోటోల్లో ఉన్ని మేజోళ్ళు మోకాళ్ళ దాకా లాక్కున్న మనుషులు మంచులో నిలబడి గంభీరంగా చూస్తుంటారు. రోజూ రైల్లో అదే చదివాను. (పక్కన కూర్చున్న ఒకావిడ నన్ను మెచ్చుకోలుగా చూసి తను కూడా స్కీ చేస్తానంది. నేను పేజీ తిప్పాను.) అందులో మైనం గురించి ఒక పెద్ద అధ్యాయం ఉంది. స్కీ అడుగున మైనం రాయకపోతే అది చెక్కతో సమానమనీ, చలి ఎంత ఎక్కువైతే మైనం అంత గట్టిది వాడాలనీ, మైనం తెలిసినవాడే అసలు స్కీయరనీ రాసి ఉంది. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత పెట్టబోయి, లైబ్రరీ పుస్తకమని గుర్తొచ్చి, దాన్ని డైరీలోకి ఎత్తి రాసుకున్నాను. అరోరా మాతో మైనం మాట ఎత్తనే లేదు. ఆమెకు తెలియనిది నాకొకటి తెలుసునని నేను తెగ సంబరపడిపోయాను.

శుక్రవారం బయల్దేరాం. ఓనరమ్మా అరోరా వెనక సీట్లో ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని పాటలు విన్నారు. నేను వాళ్ళ పక్కన కిటికీకి ఆనుకుని నిద్ర నటించాను. నిద్రపోతున్న మనిషి ముందు జనం నిజాలు మాట్లాడుకుంటారని నా లెక్క. వాళ్ళు పాటలు మాత్రమే విన్నారు. జీపీఎస్ అన్న పెట్రోలు బంకు ముందు నిలబడి కూడా పెట్రోలు బంకుకు దారి వెతికాడు. ముందు సీట్లో ఆంటీ ఒళ్ళో పులిహోర డబ్బాతో, "ఇంత మంచు చూట్టానికి ఇంత దూరం ఎందుకురా, మనింటి ముందు ఉందిగా" అంటూ వచ్చారు. మేం అద్దెకు తీసుకున్న చెక్క ఇంటి చుట్టూ స్ప్రూస్ చెట్లు, వాటి కొమ్మల మీద బరువుగా మంచు. స్కీల అద్దె షాపు ఆ సాయంత్రమే సామాను ఇచ్చేసింది. అరోరా తన సొంత స్కీలు తెచ్చుకుంది. మిగతావాళ్ళవి షాపువి. వాటిని వరండాలో నిలబెట్టాక నేను ఎవరూ చూడకుండా తిరగేసి చూశాను. అడుగున సరిగ్గా పాదం వచ్చే చోట నున్నగా లేదు. చేప పొలుసుల్లా గరుకు గరుకుగా, వేలితో రాస్తే గీరుకుంటోంది. మా పుస్తకంలో ఏ ఫోటోలోనూ ఇలా లేదు. వాడి వాడి అరిగిపోయిన పాత సామాను మా నెత్తిన రుద్దారని నిర్ధారించుకున్నాను. ఓనరమ్మకు చెప్తే షాపుకు వెళ్ళి పోట్లాడుతుంది. అరోరాకు చెప్తే అరోరా పరిష్కరిస్తుంది. రెండూ నాకు వద్దు.

పరిష్కారం మర్నాడు పొద్దున ఆంటీ చేతిలోంచి వచ్చింది. తలకు నూనె లేకుండా చలిలోకి ఎవర్నీ పంపనని ఆవిడ పట్టుబట్టారు. కాని నూనె డబ్బా ఉన్న సంచీ రాత్రంతా కారులోనే ఉండిపోయింది. "అమ్మాయ్, రాయయిపోయిందే తల్లీ. కాస్త చెంచాతో తవ్వి ఇవ్వు, వేడినీళ్ళల్లో పెడదాం" అని డబ్బా నా చేతికిచ్చారు. తవ్వితే తెల్లగా, గట్టిగా, పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. ఒక పెచ్చు బొటనవేలి కింద పెట్టి రుద్దితే మెత్తగా పరుచుకుని నున్నగా మెరిసింది. చలికి గట్టిగా ఉండాలి, రుద్దితే పరుచుకోవాలి, జారాలి. పుస్తకం అడిగిన లక్షణాలన్నీ ఉన్నాయి. నేను ఆంటీకి ఇవ్వాల్సింది ఇచ్చి, మిగతాది గిన్నెలో వేసుకుని వరండాలోకి వెళ్ళాను.

నా స్కీలు అయ్యాక ఓనరమ్మవి పట్టుకున్నాను. ఆ పొలుసుల మధ్య సందుల్లో కూడా పోయేలా, ఎక్కడా గరుకు మిగలకుండా రుద్దాను. ఓనరమ్మ టోపీ సర్దుకుంటూ వచ్చి నిలబడింది.

"ఏం జేస్తున్నవే?"

"మైనం బదులు. ఇది రాస్తేనే స్కీ సరిగ్గా జారుతుంది. చలి ఎక్కువైతే గట్టిది రాయాలి."

"నీకు గిదంత ఎట్ల తెలుసు?"

"చదివాను."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నువ్వు మస్తు హుషారే. చెప్పవు గని" అంది. అరోరా వచ్చాక ఆమె నోట నా గురించి విన్న మొదటి మంచి మాట అది. అప్పుడు అరోరా బయటికి వచ్చింది. మర్యాద కోసం, "నీవాటికి కూడా రాయనా?" అని అడిగాను. "నో, ఐ యామ్ గుడ్. నేను నిన్ననే వాక్స్ చేశాను. థాంక్స్" అని, గిన్నెలో ఏముందో చూడకుండానే మెట్లు దిగింది. ప్రాణం లేచొచ్చింది. ఆమెకు అవసరం లేదు కాబట్టి కాదు, రాస్తే ఆమె కూడా వేగంగా వెళ్ళిపోతుంది కాబట్టి. నా పథకం ఏమిటంటే, నేనూ ఓనరమ్మా జంటగా దూసుకుపోతాం, అరోరా వెనకబడుతుంది, చెట్ల మధ్య ఎక్కడో నిశ్శబ్దంలో నేను ఓనరమ్మతో చెప్పాల్సింది చెప్తాను. ఏం చెప్పాలో మాత్రం ఇంకా అనుకోలేదు. దారిలో తడుతుందిలే అనుకున్నాను.

ఆ దారులు ఎలా ఉంటాయో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అడవిలో చెట్ల మధ్య నుంచి బండి పట్టేంత వెడల్పున మంచును చదును చేసి, అందులో రెండు సన్నటి గాడులు కోసి ఉంచుతారు. రైలు చక్రం పట్టా మీద ఉన్నట్టు మన స్కీలు ఆ గాడుల్లో ఉండాలి. అన్నీ ఒకవైపే వెళ్ళే దారులు. చెట్లకు రంగు పలకలు కొట్టి, ఏది తేలికో ఏది కష్టమో చెప్తారు. మొదట్లో ఒక పెద్ద గది ఉంది, పొయ్యీ, పెద్ద అద్దాల కిటికీ, వేడి చాక్లెట్. ఆంటీని శాలువా కప్పి ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టాం. జీపీఎస్ అన్న ఫోనుకు సిగ్నల్ లేకపోవడంతో ఆ గది కనిపించే చదునైన చిన్న దారిలోనే గుండ్రంగా తిరుగుతానన్నాడు. (సాయంత్రం దాకా తిరిగాడు.)

దారి మొదట్లో చిన్న దిగుడు. ఓనరమ్మ కర్రలు ఒక్కసారి నేలకు తాటించిందో లేదో, అలా వెళ్ళిపోయింది. వెనకే నేను. ఆ జారుడు ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. చప్పుడు లేదు, ఒక సన్నటి సీత్కారం తప్ప. రెండు పక్కలా చెట్లు నాకు దారి ఇస్తూ వెనక్కి పోయాయి. అరోరాను దాటాం. నేను, ఒక ఆటలో, ఇంకొక మనిషిని, దాటాను. "ఓ వావ్" అంది అరోరా నిజంగానే ఆశ్చర్యపోయి. ముందు నుంచి ఓనరమ్మ అరుస్తోంది, "మస్తు రుద్దినవే, ఇమానం లెక్క పోతున్నది." జీవితంలో ఎప్పుడూ పాడని నేను లోపల్లోపల ఏదో పాడుకున్నాను కూడా.

దిగుడు తర్వాత ఎత్తు వచ్చింది. పెద్దదేమీ కాదు, మా ఊళ్ళో రైల్వే బ్రిడ్జి మీదకు రిక్షా లాగేంత ఎత్తు. వచ్చిన ఊపులో సగం దాకా ఎక్కేశాం. అక్కడ ఊపు అయిపోయింది. ఓనరమ్మ కాలు ముందుకు వేసింది. కాలు వేసిన చోటికే తిరిగి వచ్చింది. ఇంకోటి వేసింది. అది ఇంకొంచెం వెనక్కి వచ్చింది.

"ఏందే ఇది, నేను నడుస్తున్న గని పోతలేను."

"కర్రలు గట్టిగా పట్టుకో."

"పట్టుకున్న. ఎన్కకు పోతున్ననే."

"ఆగు."

"ఎట్ల ఆగాలె? చదివినవ్ కద నువ్వు."

"ఆ చాప్టర్ దాకా రాలేదు."

ఆమె వచ్చి నా స్కీల ముక్కుల మీద కూర్చుంది. నేను ఆమె వీపు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి గాడుల్లో, పక్కకు తొలగే అవకాశం లేకుండా, రివర్సులో బయల్దేరాం. గాడి చాలా బాగా కోశారు. మధ్యలో ఎక్కడా వదల్లేదు. కింద చలికోట్ల మీద రంగు రంగుల బనియన్లు వేసుకున్న చిన్నపిల్లల క్లాసు ఎక్కడానికి వరసగా నిలబడి ఉంది. వాళ్ళ మాస్టారు, తెల్ల మీసాలాయన, మమ్మల్ని చూసి కర్ర అడ్డంగా పెట్టి, రైల్వే గేటు దగ్గర జనాన్ని ఆపినట్టు పిల్లల్ని పక్కకు నెట్టాడు. మేం వాళ్ళ ముందు నుంచి వెనక్కి వెళ్ళాం. ఒక బుడ్డోడు మాస్టారిని ఇంగ్లిష్‌లో, "వీళ్ళు రాంగ్ వేలో వెళ్తున్నారు కదా?" అని అడిగాడు. "కాసేపే" అన్నాడాయన మర్యాదగా. ఆ మర్యాదకు నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. మంచు మెత్తగా ఉండటంతో కొంతవరకు వెళ్ళాం కూడా.

మేం ఎత్తు మధ్యలో కాళ్ళాడిస్తుండగానే పక్కనుంచి దాటిపోయి, అరోరా అప్పటికే పై దాకా ఎక్కేసింది. మమ్మల్ని చూసి, స్కీలు బాతు కాళ్ళలా విప్పార్చి ఆగి ఆగి దిగి వచ్చింది. (అదీ అందంగానే చేసింది.) నవ్వుతుందేమోనని మొహంలోకి చూశాను, నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు ఎంతో సాయం చేసినట్టయ్యేది. మోకాళ్ళ మీద కూర్చుని నా స్కీ తిరగేసి, అడుగున వేలు పెట్టి చూసింది. "దీన్లో పట్టు ఈ స్కేల్స్‌కే ఉంటుంది. ఎక్కేటప్పుడు ఇవే స్నోని పట్టుకుంటాయి. ఇవన్నీ ఫిల్ అయిపోయాయి, చూడు" అంది. అంటే నేను అరిగిపోయిందనుకున్నదే అసలు సరుకు. అడవిలోని ఆ కొండలన్నీ ఎక్కడానికి మనిషికి ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని నేను గిన్నెడు నూనెతో, ఒక్క సందు వదలకుండా పూడ్చేశాను. అరోరా వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకోసారి వాసన చూసింది.

"కోకొనట్ ఆయిల్. ఇది మా అమ్మమ్మ స్మెల్" అంది నెమ్మదిగా. "సమ్మర్‌లో ఇండియా వెళ్తే ఆమె నాకు తలకి పెడుతుంది. పెట్టేది. ఇప్పుడు ఆమె లేదు."

ఆమె మీద కోపం ఉంచుకోవడానికి నా దగ్గర మిగిలిన చివరి ఆధారం కూడా అలా పోయింది. ఆమె జేబులోంచి ఏదో షాపు డిస్కౌంట్ కార్డు తీసి, ఒక్కో పొలుసూ గీకడం మొదలుపెట్టింది. ఓనరమ్మ స్కీలు కూడా ఆమే గీకింది. తర్వాత "ఆంటీ విండోలోంచి చూసింది, భయపడుతుంది. నేను చెప్పి వస్తాను, మీరు రెస్ట్ తీసుకోండి" అని వెళ్ళిపోయింది. నేను కోరుకున్నట్టే చెట్ల మధ్య, నిశ్శబ్దంలో, నేనూ ఓనరమ్మా మిగిలాం. నా ప్యాంటులో మంచు కరుగుతోంది. చెప్పాల్సిన మాట దారిలోనూ తట్టలేదు.

ఓనరమ్మ మంచులో కూర్చుని కాసేపు నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి, "నేను జూన్ల అరోరా ఇంటికి పోతున్ననే" అంది.

"తెలుసు."

"తెలుసా? మరి ఏమనవేంది?"

"ఏమనాలి?"

"పో అను, ఉండు అను, ఏదో ఒకటి అనాలె కద. నెల నుంచి చూస్తున్న. ఇంటికొస్తే అన్నం పెడ్తవు, రూంల తలుపేసుకొని రాసుకుంటవు. నేనుంటె నీకు ఇబ్బందేమో, మొహమాటానికి చెప్తలేదేమో అనుకున్న. అందుకే మొన్న ఆమెకు సరే అని చెప్పేసిన."

ట్రిప్ అయ్యాక చెప్పాల్సిన జవాబు ట్రిప్ ముందే వెళ్ళిపోయింది. కారులో కిటికీకి ఆనుకుని మెడ పట్టేసేదాకా నేను కాపలా కాసింది, తలుపులు తీసేసిన ఇంటికి. ఇంతసేపూ మూసుకున్న నా నోరు అప్పుడు తెరుచుకుంది. "ఉండవే" అన్నాను. ఆ మాట బయటికి వచ్చేసరికి ఎంత చిన్నగా ఉందో నాకే ఆశ్చర్యమేసింది. డైరీలో ఎన్ని పేజీలు తిన్నదది. "నువ్వు లేకపోతే నాతో మాట్లాడేవాళ్ళు లేరు. నాకు కారం కూడా కావాలి. హోటల్లో తక్కువ వెయ్యమని చెప్పకు." చివరి రెండు మాటలూ ఎందుకు వచ్చాయో తెలియదు. వరసలో ఉన్నాయేమో, వచ్చేశాయి.

ఓనరమ్మ నా టోపీ మీది మంచు దులిపింది. "గీ మాట అడగనీకి గింత దూరం రావాల్నా, గిట్ల ఎన్కకు జారాల్నా?" అంది. "మాట ఇచ్చిన. ఇప్పుడు కాదంటె ఆమెకెట్లుంటది? జూన్ల పోత. గని, శుక్రవారం శుక్రవారం నీ ఇంటికే తిననీకి వస్త. కారం నీ ఇష్టమున్నంత ఎయ్యి." అప్పుడు నేను ఏడ్చాను. మంచు కళ్ళల్లో పడిందని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఆ మధ్యాహ్నం ముగ్గురం కలిసి అదే ఎత్తు ఎక్కాం. పొలుసులు పట్టుకున్నాయి. గదిలోకి తిరిగి వచ్చేసరికి ఆంటీ కిటికీ దగ్గరే ఉన్నారు. "అదేంటమ్మాయ్, అందరూ పైకి పోతుంటే మీరిద్దరే కిందికి వచ్చారు, మీది ముందే అయిపోయిందా?" అని అడిగి, జవాబు వినకుండానే, "ఆ పొడుగుపిల్ల చేతులు కొబ్బరి నూనె వాసనేస్తున్నాయి, మంచి పిల్ల" అన్నారు.

ఓనరమ్మ జూన్‌లో వెళ్ళింది. అన్నమాట ప్రకారం శుక్రవారాలు వచ్చింది కూడా. కాని ఒక్కతే రాలేదు, అరోరాను వెంటబెట్టుకుని వచ్చేది. మొదట్లో నేను గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని. తర్వాత మామూలుగా పెట్టాను. మరుసటి ఏడాది ఓనరమ్మకు పెళ్ళయి టెక్సాస్‌లో ఫ్రిస్కోకు వెళ్ళిపోయింది. పెద్ద ఇల్లు, రెండు కార్లు, నిప్పులు చెరిగే ఎండ. ఆ శీతాకాలం మొదటి మంచు పడ్డ రోజున అరోరా ఫోన్ చేసి, "నువ్వు వస్తావా? వెర్మాంట్?" అంది. ఆలోచించకుండానే వస్తానన్నాను. అప్పటి నుంచీ ఏటా ఇద్దరం వెళ్తున్నాం. దారిలో ఆమె మాట్లాడుతుంది, నేను వింటాను. ఈ మధ్య కొంచెం నేను మాట్లాడుతున్నాను, ఆమె వింటోంది.

పోయిన శీతాకాలం ఆ అడవిలో బాగా పైన, చెట్లు పలచబడి దూరపు కొండలు కనిపించే చోట ఇద్దరం ఫోటో తీసుకుని ఓనరమ్మకు పంపాం. చెక్క ఇంటికి చేరేసరికి ఫోన్ మోగింది.

"మంచిగున్నరా?"

"బాగున్నాం."

"ఫోటో చూసిన. మస్తు నవ్వుతున్నరు ఇద్దరు."

"చలికి మొహం అలా బిగుసుకుపోయిందే."

"ఏమో. నాతోటి ఉన్నప్పుడు గింత నవ్వినవా ఎప్పుడన్న?" అంది. మళ్ళీ, "నన్ను పిలవనన్న పిలవలె" అంది.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. అందులో ఏ మాట ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ముక్కు ఎగపీలుస్తుందో, ఫోన్ పెట్టేశాక ఆ మనిషి వంటింట్లో ఏ గిన్నె ఎంత గట్టిగా పెడుతుందో కూడా తెలుసు. వచ్చే ఏడాది నువ్వు కూడా రా, టికెట్ నేను తీస్తానని చెప్పాను. "చూస్త" అంది, వచ్చేదానిలాగే. ఫోన్ పక్కన పెట్టి, మంచులో తడిసిన ప్యాంటుతో ఎత్తు కింద కూర్చున్న ఆ పిల్లను తలుచుకున్నాను. ఒకరోజు నిన్ను చూసి ఓనరమ్మ కుళ్ళుకుంటుందని అప్పుడెవరైనా ఆ పిల్లతో చెప్పి ఉంటే నమ్మేది కాదు. నమ్మినా సంతోషించేది కాదు. అదంతా సరే గాని, ఇంతకీ తను నా దగ్గర ఉంటుందా ఉండదా, అదొక్కటి చెప్పండి అనేది.